మూసీ నీళ్ల రిపోర్టులో లెడ్, కాడ్మియం ‘బీడీఎల్’ అని వచ్చింది, నమ్మొచ్చా?

మూసీ_దిగువ:
నాగోలు, పీర్జాదిగూడ దాటాక మూసీ నీళ్లతో పారా గడ్డి, వరి, తోటకూర పండించే చోట నీళ్లు టెస్టు చేయించాం. పొద్దున పదింటికి కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దగ్గర లీటరు బాటిల్‌లో పట్టి, మర్నాడు ల్యాబ్‌లో ఇచ్చాం. యాసిడ్ కలపలేదు. లెడ్, కాడ్మియం, నికెల్ మూడింటికీ ‘బీడీఎల్’ అని వచ్చింది. పద్ధతి ఫ్లేమ్ ఏఏఎస్ (నమూనాను మంటలోకి పంపి లోహాన్ని కొలిచేది) అని రాశారు. అంటే లోహాలు లేనట్టేనా? కత్వ వెనక పేరుకున్న నల్ల ఒండ్రును ఎరువుగా చేలకు తోలుకుందామని కొందరంటున్నారు, అదీ చెప్పండి.

నీటి_పరీక్ష:
లేనట్టు కాదన్నా. బీడీఎల్ అంటే ‘బిలో డిటెక్షన్ లిమిట్’, ఆ యంత్రానికి చిక్కేంత లేదని మాత్రమే దాని అర్థం. ఫ్లేమ్ ఏఏఎస్‌కు లీటరులో లెడ్ సుమారు 0.05 మిల్లీగ్రాములైనా ఉంటేగానీ కనపడదు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు 0.01. అంటే హద్దుకు నాలుగింతలున్నా మీ కాగితం మీద బీడీఎల్ అనే పడుతుంది. ఇంకా తక్కువ మోతాదును కూడా పట్టే గ్రాఫైట్ ఫర్నేస్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ అడగండి. ప్రతి లోహం పక్కన డిటెక్షన్ లిమిట్ వేయించుకోండి. ఆ అంకె లేని బీడీఎల్‌తో ఏమీ తేలదు.

అసలు దెబ్బ యాసిడ్ దగ్గర పడింది. కలపకపోతే లోహం కొంత రాత్రికి రాత్రే బాటిల్ గోడకు అంటుకుంటుంది. ఈసారి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) బాటిల్ తీసుకుని 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, డీఅయనైజ్డ్ (లవణాలు, లోహాలు తీసేసిన) నీళ్లతో కడగండి. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, పైనుంచి జానెడు లోతున, మూతి ఎగువకు పెట్టి పట్టండి. ఒడ్డున కాళ్లతో కలిసిన బురద నీళ్లు వద్దు. వెంటనే లీటరుకు 2 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ యాసిడ్ వేసి, పీహెచ్ కాగితం మీద 2 లోపు వచ్చిందో లేదో చూడండి. మురుగు నీటికి క్షారత ఎక్కువ, ఇంకొన్ని చుక్కలు పట్టొచ్చు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కరిగిన లోహం విడిగా కావాలంటే యాసిడ్‌కు ముందే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి. క్రోమియం-6 (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) కొలిచే బాటిల్‌కు మాత్రం యాసిడ్ వేయకూడదు, ఐస్‌లో పెట్టి 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి.

ఒక బాటిల్‌లో డీఅయనైజ్డ్ నీళ్లు పోసి, అక్కడే మూత తీసి, అదే యాసిడ్ వేసి పంపండి. అందులో లెడ్ వస్తే తప్పు నదిది కాదు, మీ బాటిల్‌దో యాసిడ్‌దో.

ఒండ్రుమట్టి:
నీళ్ల మీదే ఆధారపడకండి. మూసీ నీళ్లు కాస్త క్షారంగా ఉంటాయి, వాటిలో లెడ్ లాంటివి ఎక్కువసేపు కరిగి ఉండవు. సన్న రేణువులకు పట్టుకుని, ప్రవాహం నెమ్మదించే చోట, అంటే సరిగ్గా మీ కత్వ వెనకే దిగుతాయి. రాత్రి వదిలిన ప్లేటింగ్ (లోహపు పూత వేసే) పరిశ్రమల నీళ్లు పొద్దున పదింటి బాటిల్‌కు దొరకవు, ఒండ్రులో మాత్రం ఉండిపోతాయి.

ఇనుప పార వాడొద్దు. ప్లాస్టిక్ గరిటెతో పై 5 సెంటీమీటర్లు, అయిదు చోట్ల తీసి, కలిపి, కిలో పంపండి. నీడన ఆరబెట్టి, నైలాన్ జల్లెడలో 63 మైక్రాన్ల కిందిది పరీక్షించమనండి. ఇసుక కలిస్తే అంకె పలచబడుతుంది. ఆక్వా రీజియాలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) కరిగించి, పొడి బరువు మీద కిలోకు మిల్లీగ్రాములలో ఇవ్వమనండి.

ఉస్మాన్‌సాగర్‌కు ఎగువన ఇంకో నమూనా తీయడం మరవొద్దు. మూసీ పుట్టే అనంతగిరి వైపు బసాల్ట్ రాళ్లు, వాటి మట్టిలో క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ. పోల్చడానికి ఆ నమూనా లేకుండా పరిశ్రమల వంక వేలు చూపితే వాదన నిలబడదు.

మూసీ_దిగువ:
థ్యాంక్స్ అన్నా. మరి ఒండ్రు తోలుకోవడం సంగతి?

పొలం_లెక్క:
రిపోర్టు చేతికొచ్చేదాకా ఒక్క ట్రాక్టర్ కూడా తోలనివ్వకండి. చెరువు పూడిక మట్టి వేరు, ఇది వేరు. గాలి తగలని నల్ల బురదలో లోహాలు సల్ఫైడ్లుగా బిగుసుకుని ఉంటాయి. చేలో పరిచి దున్నితే గాలికి సల్ఫైడ్ విరిగి, కాడ్మియం, జింకు వేళ్లకు అందే రూపంలోకి వస్తాయి. ఒకసారి మట్టిలో కలిశాక తీయడం అయ్యే పని కాదు.

సాగునీటిని తాగునీటి హద్దులతో తూచొద్దు. ఎఫ్ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్కలో సాగుకు లీటరుకు కాడ్మియం 0.01, నికెల్ 0.2, లెడ్ 5 మిల్లీగ్రాములు. లెడ్ హద్దు అంత పెద్దదెందుకంటే అది మట్టిలోనే ఆగిపోతుంది, మొక్క పైకి పెద్దగా ఎక్కదు. ఆకుల మీద చిందిన మట్టితో మాత్రం నోట్లోకి పోతుంది. కాడ్మియం అలా కాదు, నేరుగా ఆకులోకి వెళ్తుంది. అందుకే తోటకూరను కడిగి ఒకటి, కడగకుండా ఒకటి పరీక్షించండి. ఆకుకూరలకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) హద్దు కిలోకు లెడ్ 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు, అదీ పచ్చి బరువు మీద. ల్యాబ్ పొడి బరువులో ఇస్తే తేమ శాతం అడిగి మార్చుకోవాలి. ఇక్కడే చాలామంది పది రెట్లు పొరబడతారు.

వరిలో నీళ్లు నిలిపితే గింజలో కాడ్మియం తగ్గుతుంది, ఆర్సెనిక్ పెరుగుతుంది. రెండూ పరీక్షించాకే నీటి పద్ధతి మార్చండి. కాడ్మియం ఎక్కువ తేలిన మడిలో ముందు ఆపాల్సింది తోటకూర, పాలకూర. పారా గడ్డి పశువుల మేత కాబట్టి దాని నమూనా కూడా ఇప్పుడే పంపండి.