పొట్టలో నీరు తీసే ముందు ప్రతిసారీ ప్లాస్మా అవసరమా?

ప్రశ్న
మా నాన్నకు లివర్ సిర్రోసిస్. మూడు వారాలకోసారి పొట్టలో నీరు తీయించాలి. మొన్న ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే టెస్ట్) 1.9 వచ్చింది. ‘రక్తం పలచగా ఉంది, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించాకే సూది’ అన్నారు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే, రెండు బ్యాగులు వచ్చి, ఎక్కి, నీరు తీయడం మొదలయ్యేసరికి మూడయింది. అప్పటిదాకా ఆయన వెల్లకిలా పడుకోలేక మంచం అంచున ఒరిగి కూర్చున్నారు. రెండో బ్యాగు సగంలో ఒళ్లంతా దద్దుర్లు. మళ్లీ టెస్ట్ చేస్తే 1.7! ఈ 0.2 కోసమా ఇదంతా? అడిగితే ‘ఇక్కడ రూల్ అంతే’ అన్నారు. రక్తం పోతుందేమోనన్న భయం నాకూ ఉంది, కాదనను.

జవాబు 1
లివర్ వార్డులో డ్యూటీ డాక్టర్‌ని. ఒకప్పుడు మేమూ ఇదే చేసేవాళ్లం. ఐఎన్‌ఆర్ అసలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు డోసు చూసుకోవడానికి వచ్చిన లెక్క. లివర్ దెబ్బతింటే రక్తాన్ని గడ్డకట్టించేవే కాదు, గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్ సి, యాంటీథ్రాంబిన్ కూడా తగ్గుతాయి. ఆ రెండో వైపు ఐఎన్‌ఆర్‌లో కనిపించదు. అందుకే ‘పలచగా ఉంది’ అన్నది సగం మాటే. నీరు తీసే ముందు రొటీన్‌గా ప్లాస్మా వద్దని అమెరికా లివర్ నిపుణుల సంఘం 2021లోనే చెప్పింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నా, ఒంట్లో ఎక్కడైనా రక్తం కారుతున్నా సంగతి వేరు. అది మీ డాక్టరే చూసి చెప్పాలి.

జవాబు 2
బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. ఫ్రీజర్‌లో దాచిన ప్లాస్మా బ్యాగును 37 డిగ్రీల నీళ్లలో కరిగించి పంపుతాం. ఒక్కోటీ 200 మిల్లీలీటర్ల పైమాటే. నీరు తీయడానికి వచ్చిన మనిషికి మళ్లీ నీరే ఎక్కిస్తున్నామని మాలో మేం అనుకుంటుంటాం.

జవాబు 3
ఎన్ని లీటర్లు తీశారన్నా? 5 దాటితే, తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాముల అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) ఇవ్వాలి. లేకపోతే బీపీ పడిపోతుంది, కిడ్నీలకూ దెబ్బ. ఇచ్చారా?

ప్రశ్న అడిగినవారు
7 లీటర్లు. మీరు అడిగాక కేసు షీట్ ఫోటో జూమ్ చేసి చూశా. ప్లాస్మా రెండుసార్లు రాసి ఉంది, అల్బుమిన్ ఊసే లేదు. ఆ రాత్రి నాన్న బాత్రూమ్‌కి లేచి తూలి, తలుపు పట్టుకుని నిలబడ్డారు. నీరసం అనుకున్నాం. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఈసారి సూది కంటే ముందు డాక్టర్‌తో మాట్లాడతా, అల్బుమిన్ సంగతే మొదట.