త్రుటా, లవమా? వాచీ ముల్లు ఒక్క అడుగుకు పేరేంటి

హన్మకొండ పాఠకుడు: పోతన భాగవతం మూడో స్కంధంలో మైత్రేయుడు విదురుడికి కాలం లెక్క చెప్పే వచనం ఒకటి నోట్లో నానుతోంది. "వేధలు మూడైతే" దాకా వచ్చి ఆగిపోతోంది. తర్వాత లవమా, త్రుటా? అన్నీ పాతకాలపు చిన్న చిన్న కాలం కొలతలే. సీగల్ 1963 వాచీ గురించి తెలుగులో రాస్తున్నాను, అందుకే అడుగుతున్నా. చైనా వైమానిక దళం కోసం 1961లో మొదలైన క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న చేతి వాచీ అది. రోజూ కీ ఇవ్వాలి. పై బటన్ నొక్కితే మధ్యలో ఉన్న సన్న ముల్లు బయల్దేరుతుంది. కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే అది జారుతూ పోదు, సెకనుకు ఆరు అడుగులు వేస్తుంది. ఆ ఒక్క అడుగును "తృటి" అని రాశాను. సరిపోతుందా?

మంచిర్యాల టీచరమ్మ: ముందు ఆ "తృ" తీసెయ్యండి. త్రుటి. ధాతువు త్రుట్, తెగడం. పేపర్లలో "తృటిలో తప్పిన ప్రమాదం" చూసీ చూసీ అందరికీ అదే అలవాటైపోయింది.

కాజీపేట రైల్వే: టీచరమ్మా, మన నోట్లో ఋ ఎప్పుడో "రు" అయిపోయింది కదా. రెండూ ఒకేలా పలుకుతాం.

మంచిర్యాల టీచరమ్మ: పలుకులో తేడా పోయింది కాబట్టే రాతలో నిలబెట్టుకోవాలి సార్.

పాలకుర్తి: అన్నా, వేధలు మూడైతే లవం. లవాలు మూడైతే నిమేషం, నిమేషాలు మూడైతే క్షణం. అయిదు క్షణాలు కాష్ఠ, పదిహేను కాష్ఠలు లఘువు, పదిహేను లఘువులు నాడిక. నాడిక అంటే మన గడియే, 24 నిమిషాలు. కిందికి భాగిస్తూ రండి, లవం 0.14 సెకను దగ్గర తేలుతుంది. మీ ముల్లు అడుగు 0.167. త్రుటి అంటే లవాన్ని మూడు వందల భాగాలు చేస్తే అందులో ఒకటి, అది ఏ చేతి వాచీకీ అందదు. లవం అనే రాయండి.

కాజీపేట రైల్వే: ఆ లెక్కన సెకనుకు ఏడు లవాలు. సీగల్ గంటకు 21,600 సార్లు కొడుతుంది, అంటే ఆరే. 25,200 కొట్టే వాచీలున్నాయి, వాటికైతే లవం అతికినట్టు సరిపోతుంది. అయినా ఆ వాచీ సంగతి వేరే. లోపలి యంత్రానికి మూలం స్విట్జర్లాండ్ వీనస్ 175. బటన్ ఆజ్ఞను అందించేది కాలమ్ వీల్, బురుజుల్లాంటి చిన్న స్తంభాలున్న చక్రం. వెనక అద్దం ఉన్న మోడల్‌లో అది తిరగడం కనబడుతుంది. స్విస్ పేరుతో కాలమ్ వీల్ కావాలంటే లక్ష దాటాలి, ఇది అందులో చిన్న వంతుకే వస్తుంది. కొనేముందు మాత్రం కింది బటన్ నొక్కి జర చూడండి, ముల్లు సరిగ్గా 12 మీదికి రావాలి. వెంట్రుకవాసి పక్కకు నిలిచినా ఆ పీసు వద్దు.

కరీంనగర్: అమరకోశం వదిలేశారేంటి? అందులో పద్దెనిమిది నిమేషాలు కాష్ఠ, ముప్పై కాష్ఠలు కల, ముప్పై కలలు క్షణం, పన్నెండు క్షణాలు ముహూర్తం. ఆ లెక్కలో క్షణమంటే నాలుగు నిమిషాలు! "క్షణంలో వస్తా" అన్నవాణ్ని తిట్టడానికి లేదు.

పాలకుర్తి: అదే లెక్కలో నిమేషం సెకనులో అరవయ్యో వంతు కూడా కాదు. ఏ రెప్ప అంత తొందరగా వాలుతుంది? భాగవతం నిమేషం 0.43 సెకను, రెప్పపాటుకు అది దగ్గర. నేను మా పోతన వైపే. ఇన్ని కొలతలు ఒక్కచోట పేర్చినవాడే గజేంద్రుడి దగ్గరికి విష్ణువు పరుగెత్తేటప్పుడు ఒక్క కొలతా వాడలేదు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు అని, చెయ్యని పనులు చెప్పుకుంటూ పోయి తొందర చూపించాడు. బమ్మెర దారిలో వెళ్లినప్పుడల్లా నాకు ఆ పద్యమే నోటికొస్తుంది.

హన్మకొండ పాఠకుడు: పద్యం మాట నిజమే అన్నా. కానీ "లవం" అని రాస్తే చదివేవాళ్లు లవలేశం అనుకోరా? కొంచెం అనే అర్థమే అందరికీ తెలుసు.

మంచిర్యాల టీచరమ్మ: కాలానికి కూడా లవమే వాడారు, భయపడకండి. నా సందేహం వేరు. మీ దగ్గరున్న భాగవతం ప్రతిలో త్రుటి అని ఉందా, తృటి అని అచ్చువేశారా? ఆ పేజీ ఫొటో పెట్టండి.

కరీంనగర్: రాత ప్రతి ఉన్నవాళ్లూ పెట్టండి. అచ్చు పుస్తకాన్ని నమ్మి ఈ రుకారం సంగతి తేల్చలేం.