జుట్టు నెరిసింది, రంగు పడటం లేదు: కూతురి పెళ్లికి ఇలాగే కూర్చోవచ్చా?

ఖమ్మం టీచర్:
నాకు 51 ఏళ్లు. 38వ ఏట నుంచి జుట్టుకు నల్లరంగు వేసుకుంటున్నాను. మొన్న ఉగాదికి వేసుకున్న మర్నాడు నుదుటి మీద, చెవుల వెనక దద్దుర్లు లేచాయి. కనురెప్పలు వాచిపోయి కళ్లు తెరవలేకపోయాను. రంగులో ఉండే పారా ఫినైలీన్ డయామైన్ అనే రసాయనం నాకు పడలేదని, ఇక దాని జోలికి పోవద్దని చర్మం డాక్టరు గారు చెప్పారు. పదమూడేళ్లు పడింది ఇప్పుడెందుకు పడదని అడిగాను. ఎన్నేళ్లు వాడినా ఏదో ఒకరోజు ఇలా తిరగబడొచ్చట. ఒకసారి తిరగబడితే తర్వాత వేసినప్పుడల్లా ఇంకా గట్టిగా వస్తుందట.

మూడు నెలలైంది. పాపిట పక్కన రెండు వేళ్ల మేర తెలుపు, కింద నలుపు. శ్రావణంలో అమ్మాయి పెళ్లి. "పీటల మీద ముగ్గుబుట్ట తలతో కూర్చుంటావా? వియ్యపురాలు నీకంటే పెద్దది, ఆమెకే నల్లగా ఉంది" అని మా అత్తగారు, ఆడపడుచు రోజూ అంటున్నారు. మా వారి తల ఎప్పుడో నెరిసింది, ఆయన్ని ఒక్కరూ అడగరు.

ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు అద్దంలోకి చూస్తే అమ్మ కనిపిస్తోంది. మొదటిసారి గుండె ఝల్లుమంది. ఈమధ్య ఆవిడ కోసమే అద్దం ముందు కాసేపు నిలబడుతున్నాను. ఏం చేయమంటారు?

బెజవాడ సేల్స్:
మేడమ్, మీకు ఆరోగ్యం ముఖ్యం, ఆ రంగు వద్దు. కానీ రంగు వేసుకోవడం అంటే వయసు దాచి అబద్ధమాడటమే అన్నట్టు కొందరు మాట్లాడతారు, అది నేను ఒప్పుకోను. నాకు 46. తల నెరిసిన ఏడాది రెండు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రెండు చోట్లా "ఇంత తిరగగలరా?" అన్నదే మొదటి ప్రశ్న. మూడోదానికి రంగు వేసుకుని వెళ్లాను, ఆ మాట రాలేదు. ఉన్నట్టు ఒప్పుకోమని చెప్పడం జీతానికి ఢోకా లేనివాళ్లకు సులువు.

మీకు వేరే దారి ఉంది. ముందు గోరింటాకు పొడి పెట్టి కడిగి, తర్వాత నీలి ఆకు పొడి పెడితే నలుపు వస్తుంది. నల్ల హెన్నా అని అమ్మే ప్యాకెట్లు మాత్రం కొనొద్దు, చాలావాటిలో మీకు పడని రసాయనమే ఉంటుంది. ఏదైనా ముందు మోచేతి లోపల కొంచెం రాసి రెండు రోజులు చూడండి.

కళ్లద్దాల షాపు, నల్లగొండ:
జుట్టు గురించి నేను చెప్పను. తెల్ల వెంట్రుకతో ఎవరికీ నష్టం లేదు, వేసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా బాధ కళ్ల గురించి.

నలభైలో వస్తుంది కాబట్టే దానికి చత్వారం అని పేరు. కంటిలోని లెన్సు గట్టిపడి, దగ్గరి వస్తువు మీద చూపు కుదరదు. అది జబ్బు కాదు, అందరికీ వస్తుంది. అయినా "అద్దాలు పెడితే ముసలిదాన్ని అంటారు" అని ఎంతమంది దాస్తారో! 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలయ్యాక ఊరూరా పరీక్షలు చేసి దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా ఇచ్చారు. మా వీధిలో ఒకామె వాటిని తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. మందు పట్టీ మీద అక్షరాలు కనపడక మామగారికి రాత్రి మాత్ర పొద్దున వేసింది. ఆ రోజు ఆయన కళ్లు తిరిగి పడిపోయారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చూపు తగ్గితే "వయసే కదా" అని ఊరుకుంటారు. శుక్లాలైతే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. నీటికాసులు అలా కాదు. చాలామందికి నొప్పే ఉండదు, మొదట పక్కలకు కనపడే చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు. మందులతో ఉన్నదాన్ని కాపాడుకోగలం, అంతే. నలభై దాటిన ప్రతివాళ్లూ కంటి ప్రెషర్ చూపించుకోవాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

రిటైర్డ్ పోస్ట్‌మాన్:
నాకు 70. వయసును ఒప్పుకోండి అనే మాట వింటే నాకు భయం. 60లో మోకాళ్లు పట్టేస్తే "ఇంతే" అని ఒప్పుకున్నాను. కుర్చీకి అతుక్కుపోయాను, తొడలు సన్నబడ్డాయి, నొప్పి ఇంకా పెరిగింది. ఐదేళ్ల తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు తొడ ముందు కండరానికి వ్యాయామం నేర్పింది. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాచి, పది లెక్కపెట్టి దించడం. ఇప్పుడు మేడ ఎక్కుతున్నాను. బాసింపట్టు వేసుకుని విస్తరి ముందు మాత్రం కూర్చోలేను. అది పోయింది, దాని మీద ఆశ వదిలేశాను. ఈ రెండూ వేరు చేసుకోవడానికి నాకు ఐదేళ్లు వృథా అయ్యాయి.

అమ్మా, నీ జుట్టు సంగతి నీ కూతురిని అడుగు. పెళ్లి తనది.

బెజవాడ సేల్స్:
బాబాయ్ గారూ, మోకాళ్ల సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. కానీ జుట్టు కూతురిని అడగడమెందుకు? తల మేడమ్‌ది.

ఖమ్మం టీచర్:
అందరికీ నమస్కారం. తమ్ముడూ, నువ్వన్నది నిజమే, అయినా అడిగాను. తెల్లజుట్టు పక్కన కనకాంబరాలు బాగా కనపడతాయమ్మా అంది. నీలి ఆకు కూడా మోచేతికి రాసి చూశాను, ఏమీ కాలేదు. దారి ఉందని తెలిశాక టెన్షన్ పోయింది, వేసుకోవాలనీ అనిపించలేదు. నల్లగా మిగిలిన కొసలు కొంచెం కత్తిరించి, ఉన్నదాన్ని ముడి వేసుకుంటాను. అత్తగారు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

షాపు అన్న రాసింది చదివాక అత్తగారి గురించే ఆలోచిస్తున్నాను. నడిచేటప్పుడు ఆవిడకి ఎడమవైపు తలుపు రెక్క భుజానికి తగులుతోంది, సోఫా అంచు కాలికి తగులుతోంది. వయసు కదా అనుకున్నాం. శనివారం కంటి ఆసుపత్రికి టోకెన్ తీసుకున్నాను. జుట్టు మీద కోపంతో రానన్నా సరే, బతిమాలి తీసుకెళ్తాను.