సమస్యాపూరణము: కదలకుండ నెగిరె గగనమందు

ఈ వారపు సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదము:

"కదలకుండ నెగిరె గగనమందు"

విషయము నేటి యుద్ధవిమానాలను చిత్రించే కళ. కదలకుండా ఎగరడమనే విరోధాన్ని పటము పరిహరిస్తుందని అందరికీ తోస్తుంది కాని, అంతటితో పూరణ ముగిసిందని అనుకోవద్దని మనవి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాన్ని చిత్రించేవారికి ముక్కున తిరిగే ప్రొపెల్లర్ ఒక వరము. దానిని మసక వలయంగా దిద్దితే చాలు, వేగము పటములోకి వచ్చేస్తుంది. జెట్ విమానములో తిరిగే భాగాలన్నీ ఇంజను లోపలే ఉంటాయి. అందువల్ల చిత్రకారుడు వేగాన్ని విమానము మీద కాక, దాని చుట్టూ ఉన్న గాలి మీద వ్రాయవలసి వస్తుంది. ఆ చిక్కును పద్యములోకి తేగలవారి పూరణలకై ఎదురుచూస్తున్నాను.

మొదటి పూరణ

చిత్రకారు చేతి చిన్నికుంచెకు లొంగి
పటము పైన నిలిచి పరుగు మాని
రంగు లద్దుకొన్న రణవిమానము తానె
కదలకుండ నెగిరె గగనమందు

సమీక్ష: ధార బాగున్నది, యతులు సరిపోయాయి. అంతటి యంత్రము చిన్నికుంచెకు లొంగడమనే ఊహ నాకు ఎంతో నచ్చింది. అయితే మూడవ పాదములోని 'తానె' గణము కోసమే వచ్చింది. అంతకన్న ముఖ్యమైన లోపము, మీరు 'కదలకుండ'కు సమాధానము చెప్పారు గాని 'గగనమందు' అన్న మాటను అలాగే వదిలివేశారు. పటము పైన నిలిచినది గగనములో ఎలా ఎగిరింది? పటములో ఆకాశము ఉన్నదని ఒక్క మాటైనా పడవలసినది.

రెండవ పూరణ

జంటగట్టి రెండు జవమున బోవగా
నొకట నున్న వాని కొకటి చూడ
నేల వెనుక కేగె నీరదమ్ములు సాగె
కదలకుండ నెగిరె గగనమందు

సమీక్ష: ఈ దారి నేను ఊహించలేదు, మనసారా అభినందిస్తున్నాను. గంటకు 800 కిలోమీటర్ల వేగముతో ఒకే దిశలో పక్కపక్కన సాగే రెండు విమానాలలో ఒకదాని నుంచి చూస్తే రెండవది నిలిచినట్లే కనిపిస్తుంది, నేలా మబ్బులూ మాత్రమే వెనుకకు జారిపోతాయి. చిత్రకారులు తరచుగా ఎన్నుకునే దృష్టికోణము కూడా ఇదే. రెండవ పాదములో 'వానికి' లోని ఇకారము లోపించి 'ఒకటి'తో కలిసింది కనుక అక్కడ ఒకారానికి స్వరయతి, అంటే అచ్చుకు అచ్చుతో కుదిరే యతి, చెల్లుతుంది. కాని పద్యములో చిత్రకళ జాడ లేదు. 'వాని కొకటి' అన్నచోట 'కుంచె కొకటి' అనండి. గణము మారదు, కుంచె పట్టినవాడనే అర్థము లక్షణచేత, అంటే ఒక మాట తనతో సంబంధమున్న దానిని సూచించడంచేత, వస్తుంది.

మూడవ పూరణ

రెక్కపైన తెల్లరేఖలై తడి సాగ
తోక వెనుక గాలి తూలియాడ
నేలగీత యొరగ నిలిచిన చిత్రాన
కదలకుండ నెగిరె గగనమందు

సమీక్ష: నేను కోరినది ఇదే. వేగమన్న మాట లేకుండానే వేగము కనిపిస్తున్నది. విమానము తీవ్రముగా మలుపు తిరిగినప్పుడు రెక్కపైన పీడనము తగ్గి, గాలి చల్లబడి, అందులోని తడి తెల్లని ఆవిరిగా మారుతుంది; రఫేల్ వంటి త్రికోణపు రెక్కల విమానాలలో అది సుడులుగా, చారలుగా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజను వెనుక వేడిగాలి కాంతిని వంచడం వల్ల అక్కడి దృశ్యము అలలాడుతుంది. కర్తృపదము లేదు, రెక్క, తోక పక్షికీ ఉంటాయి గదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ తెల్లరేఖలూ ఆ తూలే గాలీ పక్షికి ఉండవు. 'చిత్రాన' వ్యావహారికము. 'నిలుచు చిత్రములోన' అని సవరిస్తే నగము, సలము అనే గణాలు వచ్చి ఛందస్సు నిలుస్తుంది.

ఒక సభ్యుని ప్రశ్న: ఆ తెల్లరేఖలు ఎప్పుడూ ఉంటాయా? చాలా చిత్రాలలో అవి అలంకారముగా కనిపిస్తున్నాయి.

సమాధానము: ఉండవు. గాలిలో తేమ చాలినంత ఉండాలి, రెక్క మీద భారము పెరగాలి. పొడిగాలిలో తిన్నగా సాగే విమానానికి దట్టమైన ఆవిరి తొడిగిన చిత్రము చూడడానికి ఎంత అందంగా ఉన్నా తప్పే. ఈ కవి మూడవ పాదములో నేలగీతను ఒరిగించి, విమానము మలుపులో ఉన్నదని చూపారు. మొదటి పాదములోని రేఖలకు కారణము అక్కడ దొరుకుతున్నది. పద్యములో ఇంత పొందిక అరుదు.

మూడవ పూరణను పై సవరణతో స్వీకరిస్తున్నాను. రెండవ కవిమిత్రులు 'కుంచె'తో తిరిగి పంపితే దానిని కూడా పక్కన చేరుస్తాను. మొదటివారు మూడవ పాదములో ఆకాశానికి చోటిచ్చి మరల వ్రాయవలసినదిగా కోరుతున్నాను.