ఆపదకి బంగారం చాలా, బ్యాంకులో డబ్బు కూడా ఉండాలా?

రాజోలు కుర్రోడు:
బ్యాంకులో డబ్బు ఊరికే ఉంచడం దండగంటారండి మా నాన్నగారు. అవసరమొస్తే బంగారం తాకట్టు పెట్టుకోవచ్చట. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలని నేనంటున్నా. ఎవరిది కరెక్టు?

దాళ్వా రైతు:
మీ నాన్నగారిదే. కౌలుకి చేసేవాడికి మూడు నెలల ఖర్చు ఎక్కడ మిగుల్తుందండీ? తొలి పంట సార్వా డబ్బులు కౌలు మక్తాకీ, ఎరువుల కొట్టు బాకీకీ సరి, రెండో పంట దాళ్వా బాగా పండితే ఏవో నాలుగు రూపాయలు. అవి ఖాతాలో ఉన్నాయని తెలిస్తే బావమరిది చేబదులు అడుగుతాడు. మెడలో గొలుసైతే ఎవరూ అడగరు.

భీమవరం కోడలు:
ఆయ్, బావమరిది సంగతి నిజమే. కానీ జబ్బు బ్యాంకు టైము చూసుకుని రాదు కదండీ. మా వీధిలో ఒకాయనకి శనివారం రాత్రి పక్షవాతం వచ్చింది. నగలు లాకర్లో ఉన్నాయి, సోమవారం దాకా తెరవరు. ఖాతాలో డబ్బుంది, అదీ ఆయన ఒక్కడి పేరు మీదే, ఏటీఎం పిన్ను ఆయనకే తెలుసు, ఆయనకేమో మాట పడిపోయింది. 108 ఊరికే తీసుకెళ్లింది, ఆరోగ్యశ్రీలో వైద్యం జరిగింది, కానీ తోడున్నవాళ్ల తిండి, ఆటోలు, ఆగిపోయిన కూలి ఏ కార్డూ ఇవ్వదు. పాపం ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది, ఇంట్లో అంత బంగారం ఉండి! అందుకే మూడు నెలలా ఆరు నెలలా అన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఖాతా భార్యాభర్తలిద్దరి పేరు మీదా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టించండి. పదివేలే ఉండనివ్వండి. పెద్ద ఖర్చుకి బంగారం ఎలాగూ ఉంది.

దాళ్వా రైతు:
ఇద్దరి పేరు మీదంటే బావమరిదికి ఆ రోజే తెలిసిపోతుంది, వాళ్లక్కే కదా! నేను చీటీ కట్టుకుంటా.

భీమవరం కోడలు:
రిజిస్టరు కాని చీటీ అయితే పాడినవాడు మానేసినా, నడిపేవాడు ఊరొదిలినా మీ డబ్బు గోవిందా. రిజిస్టరైనదైనా పాట రోజు దాకా ఆగాలి, తొందరగా కావాలంటే తగ్గించి పాడాలి.

రాజోలు కుర్రోడు:
మరి బ్యాంకులో 436 రూపాయల బీమా అంటున్నారు, అదేంటండీ?

భీమవరం కోడలు:
మనిషి పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. ఏటా మే నెలాఖరుకి ఖాతాలోంచి కోస్తారు, అప్పటికి డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది, కాబట్టి దాళ్వా డబ్బు మొత్తం తీసెయ్యకండి. 50 దాటితే కొత్తగా చేర్చుకోరు. మీ నాన్నగారికి దాటి ఉంటే 20 రూపాయల ప్రమాద బీమా ఉంది, అది 70 దాకా. నామినీ పేరు మాత్రం పాస్‌బుక్కు పట్టుకెళ్లి అడిగి చూసుకోండి.