సూపర్‌హీరో కామిక్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఏ పుస్తకాలు?

కొత్తచదువరి: సినిమాలు తెలుసు, కామిక్స్ తెలియవు. బ్యాట్‌మ్యాన్ ఒకటో నంబరు నుంచి చదవాలా?

పాతసంచిక: వద్దండి. ఆయన 1939 నుంచి వస్తున్నాడు, ఎప్పటికీ తెమలదు. కవరు మీద 1 అని ఉన్నా నమ్మకండి, ఈ కామిక్స్ వేసే మార్వెల్, డీసీ సంస్థలు రెండూ మధ్యమధ్యలో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంటాయి. ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ తీసుకోండి. 1987లో ‘బ్యాట్‌మ్యాన్’ పత్రిక 404 నుంచి 407 దాకా నాలుగు సంచికల్లో వచ్చింది. తొలి ఏడాది కథ ఉన్నది 404లో, చూశారా! బ్రూస్‌తో (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) సమానంగా పోలీసాఫీసర్ గోర్డన్ కథా నడుస్తుంది. ఇద్దరి మనసులో మాటలకూ వేర్వేరు అక్షరాలు వాడారు, అది గమనించకపోతే ఎవరు చెబుతున్నారో తికమక పడతారు.

ఎర్రకేప్: నా ఓటు ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’కి. 12 సంచికలు, ముందూ వెనకా ఏమీ తెలియక్కర్లేదు. మొదటి పేజీలో నాలుగు బొమ్మలు, ఎనిమిది ఇంగ్లిష్ మాటలు. నాశనమవుతున్న గ్రహం, తల్లడిల్లే శాస్త్రవేత్తలు, చివరి ఆశ, దయగల దంపతులు. పుట్టుక కథ అంతటితో సరి! ఆ పేజీ దగ్గర కాసేపు ఆగండి.

తొమ్మిదిగళ్లు: ‘వాచ్‌మెన్’ ఎవరూ చెప్పరేం?

పాతసంచిక: గొప్పదే, కానీ మొదటిది కాకూడదు. సూపర్‌హీరో కథల అలవాట్లనే అది నిలదీస్తుంది. ఆ అలవాట్లు తెలియకపోతే దెబ్బ ఎక్కడ తగిలిందో అర్థం కాదు. నాలుగైదు పుస్తకాలయ్యాక పట్టుకోండి. అప్పుడు అధ్యాయాల చివర వచ్చే వచనం పేజీలు దాటేయకండి, సగం లోకం అక్కడే ఉంది.

ఎర్రకేప్: ‘సివిల్ వార్’తోనూ మొదలుపెట్టొద్దు. అసలు కథ 7 సంచికలే, కానీ ముఖ్యమైన మలుపులు స్పైడర్‌మ్యాన్ లాంటి వేరే పత్రికల్లోకి పాకాయి. సినిమా చూసినవాళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు.

తొమ్మిదిగళ్లు: కొనేముందు వెనక అట్ట మీదో, లోపలి వివరాల పేజీలోనో ఏ సంచికలు చేర్చారో చూడండి. మామూలు పేపర్‌బ్యాక్‌లో ఐదారుంటాయి. ఆమ్నిబస్ (చాలా సంచికలు కలిపి కుట్టిన లావు పుస్తకం) మొదట్లోనే వద్దు, ఒళ్లో పెట్టుకుని చదవలేనంత బరువు.

కొత్తచదువరి: ఫోన్‌లో చదవొచ్చా?

ఎర్రకేప్: చదవొచ్చు. తెర మీద ఒక్కో గడి, అంటే పేజీలోని ఒక్కో బొమ్మే, చూపించే పద్ధతిలో మాత్రం పేజీ అమరిక పోతుంది. ముందు పేజీ మొత్తం చూసి, తర్వాత గడుల్లోకి వెళ్లండి. 2012లో మొదలైన ‘హాక్‌ఐ’ 11వ సంచిక కుక్క కళ్లతో నడుస్తుంది, వాసనలన్నీ చిన్న గుర్తులుగా ఒకదానికొకటి గీతలతో కలిసి ఉంటాయి. గడి గడిగా చూస్తే ఆ గీతలు తెగిపోతాయి.