ఫోకసింగ్ స్క్రీన్‌కు అంటిన ఫోమ్ జిగురు వదిలేదెలా?

నా నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరాలో అద్దం పైకి లేచి తగిలే చోటి నల్ల ఫోమ్ కరిగి, కె2 ఫోకసింగ్ స్క్రీన్ (వ్యూఫైండర్‌లో దృశ్యం కనబడే పలక) అడుగువైపు ముందు అంచు నుంచి, ఫోకస్ సరిచూసుకునే మైక్రోప్రిజం వలయం దాకా జిగురు మరకలు పడ్డాయి. ఫొటోల్లో ఆ మరకలు రావడం లేదు. కానీ 50 మి.మీ. లెన్స్ ఎఫ్/1.8 అంత వెడల్పుగా తెరిచి ఉన్నా మధ్యలోని స్ప్లిట్ ఇమేజ్ (ఫోకస్ కుదిరితే రెండు సగాలూ కలిసే గుండ్రని భాగం) మసకగానే ఉంటోంది.

ఫోమ్ కొత్తది వేశాను. లెన్స్ మౌంట్‌లోని చిన్న గొళ్లెం వదిలించి, స్క్రీన్‌ను పట్టకారుతో బయటికి తీసి, గాలి బల్బుతో ఊదాను, మెత్తని కుంచెతో దులిపాను. దుమ్ము పోయింది, జిగురు మాత్రం కదల్లేదు. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్ మీది సన్నని గాడులు శాశ్వతంగా పాడవుతాయి. ఆల్కహాల్ వాడే ధైర్యం అసలే లేదు. ఇంత చక్కని వ్యూఫైండర్ మళ్లీ దొరకదు.

గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి నానబెడితే, స్క్రీన్ మీది గరుకు మ్యాట్ పొర దెబ్బతినకుండా ఈ జిగురు వదులుతుందా?